కుంపటి మరిచిన కోడిపిల్లలు

మకంబాకో నుంచి న్జోంబే వెళ్లే బస్సుకు ఒక అలవాటు ఉంది. ఆపమన్న చోట ఆగదు, ఎవరూ ఆపమనని చోట తీరిగ్గా ఆగుతుంది. ఆ రోజు పైన్ తోటల మధ్య, గాలి సూటిగా వచ్చి మొహాన కొట్టే మలుపులో, వెనక టైరు పేలి నిలబడిపోయింది. డ్రైవరు దిగి టైరు చుట్టూ ఒకసారి తిరిగి, మళ్లీ తన సీట్లో కూర్చుని స్వెట్టరు మెడ పైకి లాక్కున్నాడు. మేమంతా దిగి రోడ్డు వారన ఎండలో నిలబడ్డాం. జూలై నెల ఎండ, ఇక్కడ అది నడి చలికాలం. ఈ కొండల్లో ఆ ఎండకు వెలుగే గాని వేడి ఉండదు. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఇక్కడ పుట్టి పెరిగిన వాళ్లెవరూ అలాంటి ఆకాశాన్ని చూసి సంతోషించరు. పగలు అంత నిర్మలంగా ఉంటే తెల్లారేసరికి బంగాళాదుంప చేల మీద ఉప్పు చల్లినట్టు మంచు పేరుకుంటుంది.

"తప్పుకోండయ్యా, తప్పుకోండి! దొరలు దిగుతున్నారు!" అంటూ బస్సులోంచి ఒక గొంతు వినిపించింది.

ముందు వెదురు గంప దిగింది, వెనకాల ఒక ఆడమనిషి దిగింది. మగవాళ్ల స్వెట్టరు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. గంప మీద కప్పిన గుడ్డ కింద కోడిపిల్లలు గుసగుసలాడుతున్నాయి. మరీ పిల్లలు కావు. కాళ్లు సాగి, మెడలు పొడుగై, అన్న చొక్కా తొడుక్కుని పెళ్లికొచ్చిన తమ్ముళ్లలా ఉన్నాయి.

రోడ్డు వారన నిలబడ్డ ఒక లావుపాటి ఆవిడ ఆ గంపను చూసి మూతి తిప్పింది. "ఏమే ఒరేస్టా, మళ్లీ బయల్దేరావా? ఈసారి ఎవరింటికి మోస్తున్నావు శవాల్ని?"

"మీ ఆయన్ని మోసే రోజు నిన్నే పిలుస్తాలే. ఇవి బతికే పిల్లలు."

"పోయినేడూ ఇదే కూశావు."

"పోయినేడు నాకు బుద్ధి లేదు. ఈ ఏడు వచ్చింది. నీలోనే, రెండేళ్లుగా మార్పేమీ కనబడదు."

అందరూ నవ్వారు. లావుపాటి ఆవిడ కూడా నవ్వింది, కానీ గంప వైపు చూసిన చూపులో నవ్వు లేదు. ఒరేస్టా పొద్దు వంక చూసింది, టైరు వంక చూసింది, సీట్లో ముడుచుకున్న డ్రైవరు వంక చూసింది.

"ఈయన లేచేలోపు పొద్దు కూకుతుంది," అంది. "వెలుతురుండగానే పిల్లలు గూడు చూసుకోవాలి. చీకట్లో దింపామా, అది గూడో గొయ్యో వాటికి తెలియదు." తర్వాత నా వైపు తిరిగింది. అంతకు ముందు ఆమె ఎవరో నాకు తెలియదు, నేనెవరో ఆమెకు తెలియదు. "తాతా, ఊరికే నిలబడితే గడ్డకట్టుకుపోతావు. ఆ తవుడు సంచీ భుజానికెత్తుకో. ఇకుంగులా దాకా నడిచిపోదాం."

జీవితమంతా తిరగడంతోనే గడిపిన వాడికి ఎక్కడికి వెళ్తున్నామన్నది పెద్ద ప్రశ్న కాదు. సంచీ ఎత్తుకున్నాను.

అడ్డదారి పైన్ చెట్ల లోంచి దిగి, దుంప చేల గట్ల మీదుగా పోతుంది. ఒరేస్టా గంపను నెత్తిన పెట్టుకుని, చేతులు ఊపుకుంటూ నడుస్తూ మాట్లాడింది. మాట్లాడుతూనే ఉంది. ఆమె తన గురించి చెప్పుకోవడానికి మొహమాటపడే రకం కాదు. ఈ చుట్టుపక్కల తనలాగా దుంప నాటేది లేదట, తన సంకటి తిన్నవాడు ఇంకో ఇంటి సంకటి ముట్టడట. మొగుడు పోయాక పెళ్లాడతానని ఇద్దరొచ్చారట, ఇద్దరికీ మేకలు కాయడం కూడా రాదని పంపించేసిందట.

ఆ ఊళ్ల ఆడవాళ్లు ఒక కోళ్ల సంఘం పెట్టుకున్నారు. సంఘం నుంచి గుప్పెడంత పిల్లల్ని తెచ్చుకున్న ఆమె వాటిని పెంచి, అవి పెట్టిన గుడ్లు పొదిగించి, ఆ పిల్లలు బయటి గూట్లో బతకగలిగేంత అయ్యాక, తాను తెచ్చుకున్నన్ని వరసలో తన తర్వాతి ఆమెకు ఇచ్చేయాలి. మిగిలినవి తనవి. ఎప్పుడివ్వాలన్నది పూర్తిగా ఇచ్చేదాని ఇష్టం. తొందరపడి ఇస్తే పుచ్చుకున్న ఇంట్లో చస్తాయి, ఆలస్యం చేస్తే ఇచ్చేదాని వంటిల్లు కోళ్లపాకవుతుంది. అందుకని వాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. పిల్లల్ని దింపినామె గడప దగ్గర నిలబడి "వెళ్తున్నా" అని సెలవు పుచ్చుకుందంటే, ఆమెకు ఇంకా మనసు కుదరలేదని అర్థం. పిల్లలు ఇంకా ఆమెవే. మళ్లీ వచ్చి చూస్తుంది, నచ్చకపోతే వెనక్కి తీసుకుపోతుంది. సెలవు చెప్పకుండా వెళ్లిపోయిందంటే, ఇక ఆ పిల్లలు ఆ ఇంటివి. చావైనా బతుకైనా వాళ్లదే.

"పోయినేడు కిఫుంబాలో దింపాను," అంది ఒరేస్టా. ఆ మాట దగ్గర మాత్రం ఆమె చేతులు ఊగడం మానాయి. "ఒక్క మాట చెప్పకుండా, రాణిలా వెనక్కి తిరక్కుండా వచ్చేశాను. తెల్లారేసరికి ఒక మూల గుట్ట. పైనున్నవి నాలుగు బతికాయి. కిందివన్నీ ఊపిరాడక పోయాయి."

"చలికా?"

"చలికి కాదు తాతా, నా వల్ల. ఈకలన్నీ వచ్చాయి, చూడ్డానికి ముద్దుగా ఉన్నాయి. కానీ ఇచ్చే రోజు పొద్దుటి దాకా మధ్యలో కుంపటి పెట్టే ఉంచాను. ఇక్కడి వాళ్లం కదా, పసిదాన్ని చూస్తే నిప్పు పక్కన కూర్చోబెట్టడం తప్ప ఇంకో ప్రేమ తెలీదు మాకు. ఈకలైతే వచ్చాయి గాని ఆ ఈకలకు పని చెప్పలేదు నేను. కొత్త గూట్లో నిప్పు కోసం వెతుక్కున్నాయి. దొరక్క ఒకదాని మీదొకటి ఎక్కాయి."

మన సామెతలో ముసలమ్మ తన కోడీ, తన కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకుంది. చిన్నప్పటి నుంచి ఆమెను చూసి నవ్వుతూ వచ్చాం. ఆ గట్టు మీద నడుస్తుంటే నాకు వేరే సందేహం వచ్చింది. కోడిని, కుంపటిని ఒకదాని నుంచి ఒకటి విడదీయడం ఎంత పనో ఆ నవ్వినవాళ్లలో ఎవరికైనా తెలుసా అని. నేను చదివిన చరిత్ర పుస్తకాల్లో ఏ సైన్యం ఏ చలికాలంలో ఏ కనుమ దాటిందో పేజీల కొద్దీ ఉంది. ఆ సైన్యం తిన్న కోళ్లను అంతకు ముందు చలికాలం ఎవరు దాటించారో ఒక్క వాక్యం లేదు.

"మరి ఈ ఏడు?" అన్నాను.

చేతులు మళ్లీ ఊగాయి. "ఈ ఏడు పాలు మాన్పించినట్టు మాన్పించాను. వెదురు తడిక చుట్టి, మధ్యలో కుంపటి పెట్టి, అవి ఎక్కడ పడుకుంటున్నాయో చూస్తూ వచ్చాను. మొదట్లో నిప్పును కావిలించుకునేంత దగ్గరగా ఉండేవి. మెల్లగా తడిక అంచుకు జరిగాయి. అంటే, ఇక చాలు అంటున్నాయన్నమాట. ముందు పగలు నిప్పు తీసేశాను. తర్వాత రాత్రి. ఆ రాత్రి ఏం గోల, ఏం గోల! నేను దుప్పటి చెవుల మీదికి లాక్కుని పడుకున్నాను. అలిగాయి, తిట్టాయి, మానుకున్నాయి. ఆ తర్వాత పొయ్యి లేని వెనక గదికి, అక్కణ్నుంచి వసారాకి. మొన్న రాత్రి మా వసారాలో బకెట్లో నీళ్ల మీద మంచు పొర కట్టింది. ఇవి పలక్కుండా నిద్రపోయాయి."

"అయితే ఇక దిగులెందుకు?"

"నాకా? నాకేం దిగులు?" అని నవ్వింది. కాసేపు నడిచాక అంది, "కిఫుంబా తర్వాత సంఘంలో తీర్మానం చేశారు. ఇవి కూడా పోతే నా చేతి పిల్లల్ని ఇంకెవరూ పుచ్చుకోరు. నాకు పర్లేదు, నా నోరు నాకుంది, ఎలాగో బతుకుతాను. ఇకుంగులాలో ఆ పిల్ల ఫరాజాదే కష్టం. ఎన్నాళ్లుగానో వరసలో నిలబడింది. ఇవి పోతే వరస చివరికి పోతుంది. ఇంట్లో అత్త ఉంది, ఒప్పుకోదు. ఆ ముసల్ది చిన్న ముసల్ది కాదు."

ఇకుంగులా చేరేసరికి నీడలు పొడుగయ్యాయి. ఫరాజా ఇల్లు ఊరికి ఈ చివర, దుంప చేను పక్కనే ఉంది. పాతికేళ్లు దాటని పిల్ల. మమ్మల్ని చూడగానే తడి చేతులు బట్టకు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చి, "షికమో తాతా, షికమో అక్కా" అని దండం పెట్టి, మా వెనక ఇంకెవరైనా ఉన్నారా అన్నట్టు చూసింది. ఎవరూ లేరు. సంఘం వాళ్లెవరూ రాలేదు. తెల్లారాక వస్తారు, ఫలితం చూడ్డానికి.

వంటింటి గుమ్మంలో, పొగ మధ్య, ఆమె అత్త తెక్లా కూర్చుని ఉంది. కళ్ల మీద పొర కమ్మింది గాని వినికిడి మాత్రం పదును.

"గంప చప్పుడు వినబడుతోంది," అంది. "లోపలికి తీసుకురండి. పొయ్యి పక్కన చోటు చేశాను."

"లోపలికి కాదు అవ్వా, గూట్లోకి," అంది ఒరేస్టా.

"ఇవాళా? పిచ్చెక్కిందా? ఆకాశం ఎలా ఉందో చూశావా? నాకే కనిపిస్తోంది, నీకు కనబడలేదా?"

"చూసే వచ్చాను."

"మా అత్త కోళ్లు మా పక్కనే పడుకున్నాయి. మేమూ బతికాం, కోళ్లూ బతికాయి."

"ఎన్నుండేవి అవ్వా?"

"రెండు. ఒకోసారి మూడు."

"అదే మరి. ఇవి డజను. నీ వంటింట్లో ఇన్నిటికి చోటిస్తే నువ్వు వెళ్లి గూట్లో పడుకోవాలి. ఇవాళ పొయ్యి పక్కన పడుకోబెడితే, ఇన్నాళ్లు నేను మాన్పించిందంతా మళ్లీ మొదటికొస్తుంది. రేపు బయట పెడితే నిప్పు కోసం వెతుక్కుంటాయి."

"కిఫుంబాలో వెతుక్కున్నట్టా?"

ఫరాజా కిందికి చూసింది. ఒరేస్టా మాత్రం చూపు తిప్పలేదు. "అవును, కిఫుంబాలో వెతుక్కున్నట్టే," అంది.

గూడు బాగా కట్టింది ఆ పిల్ల. రంపపు మిల్లులో పారేసిన బద్దలు తెచ్చి, గుంజల మీద నేలకు ఎత్తుగా నిలబెట్టి, లోపల ఒక కర్ర అడ్డంగా వేసి, కింద చెక్క పొట్టు మందంగా పరిచింది. చలి దూరకుండా ఎరువు సంచుల్ని కుట్టి నాలుగు వైపులా, పైకప్పు దాకా బిగించింది. ఎక్కడా చీమ దూరే సందు లేదు. ఒరేస్టా తల లోపలికి పెట్టి, కాసేపటికి బయటికి తీసి, కొడవలి అడిగింది. గాలి రాని వైపున, పైకప్పు కింద ఉన్న సంచుల వరసను సర్రున కోసేసింది.

"అయ్యో!" అంది ఫరాజా. ఎన్ని మధ్యాహ్నాలు కూర్చుని కుట్టిందో ఆ సంచుల్ని.

"ఏం చేస్తోందే అది?" అని అరిచింది తెక్లా అవ్వ. "గుడ్డ చినిగిన చప్పుడైంది!"

"ఊపిరికి దారి చేస్తున్నానవ్వా. ఇన్ని పిల్లలు రాత్రంతా ఊపిరి వదిలితే ఈ సంచులకు చెమట పడుతుంది. ఆ చెమట వాటి వీపుల మీద కారుతుంది. పొడిగా ఉన్న కోడికి ఇక్కడి చలి లెక్కలేదు. తడిసిందా, ఇక అంతే. కింద సంచులు ఉండనీ ఫరాజా, బాగున్నాయి, గాలి ఆ వైపు నుంచే కదా. నువ్వు చేసింది తప్పు కాదు, కాస్త ఎక్కువ చేశావు. ఎండు గడ్డి మోపులు తే."

గడ్డి తెస్తే, గూడు నాలుగు మూలల్లో కుక్కి, మూలలన్నీ గుండ్రంగా చేసేసింది. "ఇక గుట్ట కట్టడానికి మూల లేదు," అని చేతులు దులుపుకుంది. "ఈ కొండల్లో ఇంత బుర్ర ఇంకెవరికైనా ఉందా, చెప్పు తాతా?"

లేదన్నాను. మళ్లీ సంచీ మోయించగలదు, ఎందుకొచ్చిన గొడవ.

అప్పుడు తెక్లా అవ్వ గోడ పట్టుకుని లేచి వచ్చింది. గూటి ముందు పీట వేయించుకుని కూర్చుని, రెండు చేతులు చాపింది. "నీ మాటలు చాలా విన్నాను. ఇక నా చేతులకు చూపించు."

ఒరేస్టా గంపలోంచి ఒక్కో పిల్లను తీసి ఇచ్చింది. ముసలామె వేళ్లు మెడ మీద, వీపు మీద, రెక్కల కింద, తోక మొదట్లో తడిమాయి. మా ఊళ్లో కంసాలి కూడా బంగారాన్ని అంత సేపు తడమడు. ఒక్కో పిల్లను తడిమి ఫరాజాకు అందించింది. ఫరాజా గూట్లో పెట్టింది. ఒరేస్టా నడుం మీద చేతులు పెట్టుకుని, "చెప్పానా?" అన్నట్టు నిలబడింది.

చివర్లో ఒకదాని దగ్గర వేళ్లు ఆగాయి.

"ఇది ఇంకా పసిది."

"ఏదీ?"

"వీపు చూడు. పైన ఈకలు, కింద నూగు. రెక్కల మధ్య చర్మం తగులుతోంది."

ఒరేస్టా ఆ పిల్లను అందుకుని, ఈకల్ని వెనక్కి ఊది చూసింది. బొటనవేలితో ఆ చోటును మళ్లీ తడిమింది.

"పుంజుపిల్ల," అంది చివరికి. "పుంజులకు ఈకలు ఆలస్యంగా వస్తాయి."

"మగవాళ్లు కదా," అంది తెక్లా అవ్వ.

"ఇది నేను చూళ్లేదు."

"చూళ్లేదు కాదు, చూడబుద్ధి కాలేదు. అన్నీ సిద్ధం, అన్నీ సిద్ధం అని దారంతా చెప్పుకుంటూ వచ్చుంటావు. ఇక చూడ్డమెందుకు?"

ఒరేస్టా ముసలామె ముందు గొంతుక్కూర్చుని, పుంజుపిల్లను ఆమె ఒళ్లో పెట్టింది. "నిజమేనవ్వా. ఇది నీ పొయ్యి దగ్గర ఉండనీ. ఒంటరిగా ఉంటే రాత్రంతా ఏడుస్తుంది, తోడు ఇంకోటి ఉంచుకో. వీపు నిండాక నీ వేళ్లకే తెలుస్తుంది. అప్పుడు బయటికి పంపు. ఆ రోజు ఏదో నువ్వే చెప్పాలి, నేను కాదు."

ముసలామె పుంజుపిల్లను పైగుడ్డ మడతలో దాచుకుంది. ఓడిపోయిన వాళ్లు అలా దాచుకోరు.

సాయంత్రం సంకటి, ఆకుకూర తిని గూటి ముందు కూర్చున్నాం. వెలుతురు తగ్గుతున్న కొద్దీ గూట్లో గోల పెరిగింది. సన్నగా, కోసినట్టు అరుపులు. ఫరాజా లేచి నిలబడింది.

"కూర్చో."

"అక్కా, ఏడుస్తున్నాయి."

"కొత్త ఇల్లు కదా, ఏడుస్తాయి. పెళ్లయి ఈ ఇంటికొచ్చిన రోజు నువ్వు ఏడవలేదా?"

"మూడ్రోజులు ఏడ్చింది," అంది అవ్వ లోపల్నుంచి.

"వీటికి అన్ని రోజులు పట్టదు. విను. గొంతు చీల్చుకుని పైకి పోతే చలి. కిందికి దిగి గొణుక్కుంటే సర్దుకుంటున్నాయని."

విన్నాం. చాలాసేపు పైకే పోయింది. ఒరేస్టా ఎంత ధీమాగా కనిపించినా బూటు మడమతో నేలను తవ్వుతూ ఉండడం నేను చూశాను. ఒకసారి గూట్లో తోపులాట చప్పుడైంది. చటుక్కున లేచి, తలుపు సందులోంచి చెయ్యి పెట్టి, ఒకదాని కింద దూరబోతున్న రెండింటిని తీసి కర్ర మీద కూర్చోబెట్టింది. మిగతావి కర్ర మీదున్న వాటిని చూసి, ఒక్కొక్కటే ఎగిరి పక్కన చేరాయి. అరుపులు గొణుగుడయ్యాయి. గొణుగుడు నెమ్మదిగా సద్దుమణిగింది.

"ఇక వెళ్తావా అక్కా?" అంది ఫరాజా. ఆ ప్రశ్నలో భయం ఉంది.

"పోయినేడు ఈ వేళకే వెళ్లిపోయాను," అంది ఒరేస్టా. "ఇవాళ ఇక్కడే పడుకుంటాను. దుప్పటుంటే పడెయ్."

తెల్లవారేసరికి లోకం తెల్లగా ఉంది. దుంప ఆకులన్నీ మంచుకు మాడి, అంచులు మెరుస్తున్నాయి. సంఘం ఆడవాళ్లు ఇద్దరు అప్పుడే వచ్చి, చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డారు. గూట్లోంచి చప్పుడు లేదు. ఫరాజా తలుపు గడియ దగ్గర చెయ్యి పెట్టి, తీయలేక ఒరేస్టా వైపు చూసింది.

"నీ గూడు. నువ్వే తియ్యి."

తలుపు తెరిచింది. ఏమీ రాలేదు. వచ్చినవాళ్లలో ఒకామె నాలుక చప్పరించింది. తర్వాత గుమ్మంలో ఒక మెడ సాగింది. అటు చూసింది, ఇటు చూసింది, కిందనున్న తెలుపును చాలాసేపు అనుమానంగా చూసింది. దూకింది. మంచు మీద ఒక కాలు పెట్టి, వెంటనే ఎత్తేసి, ఒంటి కాలి మీద నిలబడింది. దాని వెనక ఇంకోటి, ఇంకోటి. అన్నీ వచ్చాయి. వీపులు పొడిగా ఉన్నాయి. దిగీ దిగగానే రెండు పిల్లలు దేనికో కొట్టుకున్నాయి.

ఫరాజా నేల మీద కూర్చుండిపోయి, తవుడు విసురుతూ, నవ్వుతూ, ముక్కు తుడుచుకుంటూ ఉంది. తెక్లా అవ్వ పైగుడ్డలో పుంజుపిల్లతో, దాని తోడుతో గుమ్మంలోకి వచ్చి, "అన్నీ ఉన్నాయా? లెక్కపెట్టారా?" అని అడుగుతూనే ఉంది. సంఘం ఆడవాళ్లు గూట్లోకి తలలు దూర్చి మూలల్లో కుక్కిన గడ్డిని చూస్తున్నారు.

నేను ఒరేస్టా కోసం చూశాను. పీట దగ్గర లేదు. దుప్పటి మడిచి గోడ మీద పెట్టి ఉంది. అప్పటికే ఆమె చేను దాటి గట్టెక్కింది. ఖాళీ గంప నెత్తిన బోర్లించుకుని, చేతులు ఊపుకుంటూ, తెల్లటి మంచు మీద నల్లటి అడుగులు వదులుకుంటూ పోతోంది.

"ఒరేస్టా ఏదీ? వెళ్తూ ఏమైనా చెప్పిందా?" అంది తెక్లా అవ్వ.

ఫరాజా లేచి గట్టు వైపు చూసింది. "లేదత్తా," అంది. "ఏమీ చెప్పలేదు."

గట్టు మీద గంప ఒకసారి పైన్ చెట్ల మధ్య కనబడింది. ఆమె వెనక్కి తిరగలేదు.